అట్టమీది ముఖము

(మదనపల్లెలో నొక పఠనాలయమున జరిగిన సభయందు చేసిన యుపన్యాసము)

అధ్యక్షమహాశయా! సోదరులారా!

"సోదరీమణులారా" యను మాటను నేను మఱచి విడువలేదు. దాని సంగతి చివరకు వచ్చెదను.

నేడు నేను మాటలాడవలసిన విషయము నాయంతట నేనెన్నుకొన్నది కాదు. మన పఠనాలయపు బల్లమీదికి వచ్చుచున్న వేషభూషల పత్రికల ముఖచిత్రములు స్త్రీ మర్యాదకు భంగకరములుగా నున్నవనియు, వానిని వెంటనే నిలిపివేయవలయుననియు కొందఱు సభ్యులు సంతకములు చేసి కార్యదర్శిగారికొక వినతిపత్రమిచ్చిరి. అది విని మఱికొందఱు యువకులు, ఇది కాలముచెల్లిన ఛాందసమని యెదురు వినతి వ్రాసిరి. రెండు కాగితములను నా చేతబెట్టి, రెంటికిని సమాధానము చెప్పుమని కార్యదర్శిగారు నన్నిచ్చట నిలువబెట్టినారు. పుంగనూరునుండియు కుప్పమునుండియు కూడ మిత్రులు వచ్చియున్నారు. అచ్చటి బల్లలయొద్దను ఈ తగవే నడచుచున్నదట.

నిన్న సాయంకాలము నేను వచ్చి ఆ పత్రికలను చేతబట్టి చూచితిని. అట్టలు నలిగి, మూలలు ముడుచుకొని, వ్రేళ్లజాడలతో మాసియున్నవి. లోపలి పుటలు మాత్రము నేడే అచ్చుకూటమునుండి వచ్చినట్లు పెళపెళలాడుచున్నవి. కొన్ని యొకదానికొకటి అంటుకొని యింకను విడనేలేదు. ఈ అట్టలను మాపినవారు ఏ వినతిపత్రముమీద సంతకము చేసిరో నేనడుగను. రెండు పక్షములవారును సమానముగా శ్రమపడి యుందురని నా యనుమానము. (నవ్వులు.)

ఆ బొమ్మ కట్టుకొన్న బట్ట యెంత పొడవు, ఎంత కుఱుచ యనుటనుగుఱించియే రెండు పక్షములును తగవులాడుచున్నవి. నాకు తోచినంతవఱకు ప్రశ్న అది కాదు. ఆ ముఖమును అచ్చట నుంచినవారెవరు? ఎవరు చూచుటకుంచిరి? ముఖము గాక ఆమెయందున్న తక్కినదంతయు నేమైనది? దీనికి దూరము పోనక్కఱలేదు. మన యూరికి సంబంధించిన ముచ్చటయే యొకటి కలదు.

మదనపల్లెకు చెందిన పత్తిపాటి రామయ్యనాయుడుగారు భౌతికశాస్త్రవేత్త. పరమాణువు గుట్టు తెలిసికొనగోరి, ఈ కొండల నడిమి యూరినుండి పారిస్ నగరమునకు పోయి, మేరీ క్యూరీ యొద్ద పరిశోధన సల్పినవారు. ఒక్క క్షణమిచ్చట నిలువుడు. ఆడుపిల్లను బడికి పంపుటయే వింతగా నెంచు దినములలో మన సీమవాడొకడు సముద్రములు దాటిపోయి ఒక స్త్రీని గురువుగా బడసెను. ఆమె ముఖమందముగా నున్నదా యని యాతడు విచారించియుండడు. 1903లోను 1911లోను రెండు పర్యాయములు నోబెల్ బహుమానము నందుకొన్న చేతులవి. రేడియము కాల్చిన చేతులు. అయినను, 1911లో ఆ రెండవ బహుమానము ప్రకటింపబడిన దినములలోనే పారిస్ పత్రికలు ఆమె శాస్త్రమును విడిచి, తోడి శాస్త్రజ్ఞునితో ఆమెకు గల స్నేహమును బజారున బెట్టినవి. నోబెల్ సంఘములోని పెద్దయొకరు, తాము స్వీడనునకు రాకుండుట మంచిదని ఆమెకు జాబు వ్రాసిరి. బహుమానము తన పనికి వచ్చినది గాని తన యింటి సంగతికి వచ్చినది కాదని ఆమె ప్రత్యుత్తరము వ్రాసి, బయలుదేరి పోయి, దానిని తన చేతులతో నందుకొనెను.

రామయ్యనాయుడుగారు మార్త్ మాంజ్ అను పరాసు విదుషిని వివాహమాడిరి. ఆమె పత్రికారచయిత్రి, భారతీయ విద్యల నభ్యసించినది. వారి కుమార్తె లీలానాయుడు 1940లో జన్మించెను. 1954లో, అనగా పదునాలుగేండ్ల ప్రాయమున, ఆ బాలిక తలపై మిస్ ఇండియా కిరీటము పెట్టబడెను. తరువాత వోగ్ అను అమెరికా వేషభూషల పత్రిక ప్రపంచమునందలి పదిమంది సుందరులను లెక్కపెట్టినప్పుడు జయపురపు మహారాణి గాయత్రీదేవితోబాటు ఈమె పేరును చేర్చెనని ప్రసిద్ధి. 1892లో న్యూయార్కులో పుట్టిన పత్రిక అది. దాని కొలబద్ద మన గుమ్మము దాకవచ్చి, మన పిల్లను కొలిచి, పట్టికలో వ్రాసికొని పోయెను. తండ్రి యొక స్త్రీ మేధస్సును వెదకికొని పోయెను. లోకము ఆయన కూతురి ముఖమును వెదకికొని వచ్చెను.

ఆమె చేసిన పనియేమి? 1960లో హృషీకేశ్ ముఖర్జీ తీసిన "అనూరాధ" అను హిందీ చిత్రమున నాయిక ఆమెయే. దానికి రవిశంకర్ సంగీతము. జాతీయోత్తమ చిత్రముగా బహుమానము వచ్చినది. కథ యేమనగా, రేడియోలో పాడు గాయని ఒకతె ఒక వైద్యుని పెండ్లాడి పల్లెకు పోవును. అచ్చట భర్తసేవలో, వంటయింటిలో ఆమె పాట మూగపోవును. స్త్రీయందలి విద్య యెట్లు ఇంటిలో నడగిపోవునో చూపిన చిత్రమది. 1963లో, నానావతి వ్యాజ్యెమును దృష్టియందుంచుకొని తీసిన మఱియొక చిత్రమున, భర్తయుండగా పరపురుషుని వలచి పశ్చాత్తాపపడు భార్య పాత్రను ధరించెను. సతీపాత్రలకే హారతులు పట్టు దినములలో అట్టి పాత్రకొప్పుకొనుట తేలిక గాదు. 1985లో శ్యామ్ బెనెగల్ "త్రికాల్"లో మరల కనబడెను. చేసిన చిత్రములు కొలదియే. 2009 జూలై 28న ఆమె బొంబాయిలో మరణించినప్పుడు చాల పత్రికలు మొదట తలచుకొన్నది అనూరాధను గాదు. ఆ పదిమంది పట్టికను.

మదనపల్లెలో ఈ కథను ముందే యెఱిగినవారెందఱో చేతులెత్తుడని యడుగుదునా? వలదు. జిడ్డు కృష్ణమూర్తి 1895లో నిచ్చట పుట్టెనని పసివాడు కూడ చెప్పును. రవీంద్రుడు 1919లో నిచ్చటికి వచ్చి జనగణమనను ఆంగ్లమున వ్రాసెనని ప్రతి సభలో చెప్పికొందుము. ఆ కథలో సగమే చెప్పికొందుము సుమా! ఆ పాటకు స్వరములు వ్రాసి కూర్చినది బిసెంటు కళాశాలాధ్యక్షుని భార్య మార్గరెట్ కజిన్సు. ఆమె ఐర్లండు దేశపు స్త్రీ. వోటుహక్కునకై పోరాడి చెఱసాల చూచివచ్చినది. ఈ యూర స్త్రీలను కూడగట్టి అబలాభివర్ధినీ సమాజమను పేర నొక చిన్న సంఘమును నడపినది. అభివృద్ధి గోరువారికే "అబల" యను బిరుదు! పేరు పెట్టినవారు ఎవరోగాని, దానికి పురుషుల చేతివ్రాత పోలిక యున్నది. 1917లో అడయారున పుట్టిన భారత మహిళాసంఘమునకు ఈమె కార్యదర్శినులలో నొకతె. ఆ యేటి డిసెంబరులో సరోజినీదేవి నాయకత్వమున మాంటేగు దొరను చూచి స్త్రీలకును వోటు కావలెనని యడిగిన బృందము వెనుక నున్న చేయి ఈమెదియే. 1918 మొదలు "స్త్రీధర్మ" యను పత్రిక ఆ సంఘమునుండి వెలువడెను. దానిలో తెలుగు పుటలు కూడ నుండెడివి. ఆ పత్రికకు స్త్రీ ముఖముతో పనిలేకపోయెను. ఆమె చెప్పవలసిన మాటతోనే పని.

మఱి మన తెలుగు పత్రికల సంగతి? వీరేశలింగముగారు 1883లో "సతీహితబోధిని" పెట్టిరి. 1902లో సత్తిరాజు సీతారామయ్యగారు "హిందూసుందరి" స్థాపించి, మోసలికంటి రమాబాయమ్మ, వెంపలి శాంతాబాయమ్మ గార్లకు సంపాదకత్వమొప్పగించిరి. పులుగుర్త లక్ష్మీనరసమాంబగారి "సావిత్రి", వింజమూరి వెంకటరత్నమ్మగారి "అనసూయ", 1928లో మదరాసున డాక్టరు కె. ఎన్. కేసరిగారి "గృహలక్ష్మి" వరుసగా వచ్చినవి. ఈ పేర్లను మరల నొకసారి మనసులో చదువుకొనుడు. సతి, సుందరి, సావిత్రి, అనసూయ, గృహలక్ష్మి. రంగుల బొమ్మ లేని కాలమున పేరే ముఖచిత్రము. పత్రిక తెఱవకమునుపే, నీవిట్లుండవలయునని చదువరి కొక యద్దము చూపబడెను. ఫెమినా అట్టకును దీనికిని నడుమ దూరము మనమనుకొన్నంత లేదు. ఒకటి ఒడలిని కొలుచును, ఇంకొకటి నడతను కొలిచెను. కొలుచుచేయి మాత్రము రెండు చోట్లను స్త్రీది గాదు.

అయితే ఆ పేర్ల లోపల స్త్రీలేమి చేసిరో చూడుడు. "గృహలక్ష్మి" యను అట్టను తెఱచినచో కనుపర్తి వరలక్ష్మమ్మగారి "శారద లేఖలు" కనబడినవి. ఒక స్నేహితురాలు ఇంకొకతెకు వ్రాయు జాబుల రూపమున విద్య, ఖద్దరు, వివాహచట్టములు అన్నియు చర్చకు వచ్చెను. కేసరిగారు లోధ్రయను స్త్రీల యౌషధమును విక్రయించువారు. అమృతాంజనపు డబ్బుతో నాగేశ్వరరావు పంతులుగారు ఆంధ్రపత్రికను నిలిపినట్లే, కేసరిగారును ఔషధపు డబ్బుతో పత్రికను నడిపి, ఆడువారి రచనలకు స్వర్ణకంకణము తొడిగిరి. కావున ప్రకటనల సొమ్ము తిన్న పత్రిక యెల్ల చెడినదని నేననను. పత్రికకు అన్నము ఎవరో పెట్టవలసినదే. పెట్టినవారు ఏమి తిరిగి యడిగిరన్నదే లెక్క.

తరువాతి కాలమున అట్టమీదికి రంగులు వచ్చినవి. వడ్డాది పాపయ్యగారి స్త్రీమూర్తులు "యువ" అట్టలపైన, చందమామ అట్టలపైన వెలసినవి. బాపుగారి గీతలో పుట్టిన పెద్దకన్నుల పిల్ల తెలుగింట నెంతగా పాతుకొనెననగా, పెండ్లిచూపులకు పోయివచ్చిన మగవాడు పిల్ల "బాపు బొమ్మవలె నున్నదా" యని యడుగుట మామూలయ్యెను. ఆ చిత్రకారులకు నేను చేతులెత్తి మ్రొక్కెదను. నా చిన్నతనపు గోడలన్నియు వారివే. కాని మొగమోటములేక చెప్పుకొందము. చిత్రకారుని గీతకు నడుము సన్నగించుటకు సిరాచుక్క చాలును. పిల్ల కట్లు గాదు. ఆ గీతతో సరిచూడబడి తిరిగిపంపబడిన పిల్లలు మన వీథులలోనే యున్నారు.

ఇప్పటి వేషభూషల పత్రికయొక్క వ్యాపారము వేఱు. దాని వెల మనమిచ్చు రూపాయలతో ముగియదు. ఖర్చులో పెద్దభాగము పూతలు, నగలు, గడియారములు, సుగంధములు అమ్మువారి ప్రకటనలనుండి రావలెను. కాబట్టి అట్టమీది ముఖమునకు రెండు కొలువులు. అంగడిలో మనలను పిలుచుట యొకటి. పిలిచి లోపలికి తెచ్చి, నీకిది లేదు సుమా యని నమ్మించుట రెండవది. చూచినవారికి తమయందు లోటు కనబడకున్నచో పూత అమ్ముడుపోదు. ఆ ముఖము గలామెకు గూడ ఆ ముఖము స్వంతము గాదు. 2003లో జీక్యూ అను పురుషుల పత్రిక తన అట్టమీద కేట్ విన్‌స్లెట్ అను ఆంగ్లనటి కాళ్లను యంత్రముతో సన్నగించి ప్రకటించినప్పుడు, తాను అట్లుండననియు, ఉండగోరననియు ఆమెయే బహిరంగముగా చెప్పవలసివచ్చెను. పదిమంది సుందరుల పట్టికలోని వారికైనను యంత్రము చేతిలో నిదే గతి.

పట్టుచీర కట్టిన బొమ్మను చూచినప్పుడెల్ల నాకు మన సీమయే జ్ఞప్తికి వచ్చును. పుంగనూరు, కుప్పము ప్రాంతపు పొలములలో మల్బరీ ఆకుకోసి రేయింబవళ్లు పురుగులకు మేత వేయుచు, జ్వరమునకు పోయి లేచు దినములను వ్రేళ్లమీద లెక్కపెట్టుకొనునది ఇంటి ఇల్లాలు. బిడ్డకు జ్వరము వచ్చినను పురుగు జ్వరమును విడిచి రాలేనిది ఆమె. గూళ్లు విప్పునప్పుడు వేడినీళ్లలో మునిగి నానిపోయిన వ్రేళ్లు చాలవఱకు స్త్రీలవే. ఈ యూరి నీరుగట్టువారిపల్లెలో మగ్గము చప్పుడు వినబడు ప్రతియింట కండెలు చుట్టునది ఆమెయే. ఆ చీర అట్టకెక్కునప్పుడు రూపకర్త పేరు లోపల చిన్న అక్షరములతో పడును. ఛాయాచిత్రకారుని పేరు పడును. ముఖమునకు రంగువేసినవాని పేరు పడును. వ్రేళ్లు నానినవారి పేరు పడుటకు మాత్రము పుటలో చోటు చాలదు. స్త్రీకి అవమానము జరిగినదని సంతకము చేసిన పెద్దలకు ఈ యవమానము కనబడెనా యని యడుగుచున్నాను. (కరతాళధ్వనులు.)

ఇక రంగు మాట. అమెరికా వోగ్ పత్రిక అట్టమీదికి నల్లజాతి స్త్రీ బెవర్లీ జాన్సన్ వచ్చునప్పటికి 1974 అయినది. పత్రిక పుట్టి ఎనుబదిరెండేండ్లు. ఆంగ్లదేశపు వోగ్ 1966లో డోన్యేల్ లూనా అను నల్లపిల్లను అట్టమీద చూపెను గాని, ఆమె చేతివ్రేళ్లు ముఖములో సగమును కప్పియున్నవి. అది వారి పాపమందురా? 2007 అక్టోబరులో వోగ్ మన దేశమున మొదటి సంచిక తెచ్చినప్పుడు, స్వరాజ్యము వచ్చి అఱువదియేండ్లు నిండిన యా సంవత్సరమున, మన తారలైన బిపాషా బసు, ప్రియాంకా చోప్రాల నడుమ నిలిచినది జెమ్మా వార్డ్ అను ఆస్ట్రేలియా దేశపు తెల్లపిల్ల. ఎవరును బలవంతము చేయలేదు. దొర పోయిన తరువాత దొరసానికి మన మేరికోరి పీట వేసితిమి. 1975 మొదలు ఇంటింట అమ్ముడుపోయిన ఫెయిర్ అండ్ లవ్లీ పూత 2020లో పేరులోని "తెలుపు"ను మాత్రము విడిచి గ్లో అండ్ లవ్లీ అయ్యెను. పూత పేరు మార్చుకొన్నది. పెండ్లిప్రకటనలలోని "తెల్లనిపిల్ల" పేరు మార్చుకొన్నదా? ఈ బల్లమీద ఆదివారపు పత్రిక యున్నది, చూచుకొనుడు. ఆ ప్రకటనలు వ్రాయించినవారు పరదేశులు కారు.

అట్టమీద బిడ్డకు పాలిచ్చు స్త్రీని చూపిన సంగతి మీరు వినియుందురు. 2018 మార్చిలో మలయాళమున "గృహలక్ష్మి" యను పత్రిక, మన కేసరిగారి పత్రిక పేరే, ఆ పని చేసెను. అట్లు తేరిచూడకుడు, మేము బిడ్డలకు పాలివ్వవలెనని తల్లులు చెప్పుచున్నట్లు దానిమీద వ్రాసిరి. కొందఱు వ్యాజ్యెమునకు పోయిరి. కేరళ ఉన్నత న్యాయస్థానము దానిని కొట్టివేసెను. ఆ ధర్మాసనముననున్న యిద్దఱిలో నొకరు తెలుగువారైన దామా శేషాద్రినాయుడుగారు. తీర్పు సరియైనదే, అజంతా గోడలను, రవివర్మ చిత్రములను చూచిన దేశమునకు పాలిచ్చు తల్లి కొత్త గాదు. అయినను నాకొక కొఱత మిగిలెను. ఆ అట్టకెక్కినది బిడ్డతల్లి గాదు, నుదుట సిందూరముతో అలంకరింపబడిన అవివాహితయైన నటి. సంతలో, రైలులో, కూలిచోట చాటు వెదకికొను తల్లి మన కుప్పము స్టేషనులోనే యుండగా, ఆమె మాట చెప్పుటకైనను అందమైన యితర ముఖము కావలసివచ్చెను. అయినను ఆ పత్రికను నేను నిందింపను. మాట బయటికి వచ్చెను గదా.

ఎదురు వినతి వ్రాసిన యువకులకు ఒక మాట. 2020 డిసెంబరులో హ్యారీ స్టైల్స్ అను ఆంగ్లగాయకుడు స్త్రీల గౌను తొడిగికొని అమెరికా వోగ్ అట్టమీద నిలిచెను. ఆ పత్రిక అట్టమీద పురుషుడొంటరిగా నిలుచుట అదియే మొదలు. లోకము తలక్రిందులయ్యెనని కొందఱు, లోకము బాగుపడెనని కొందఱు కేకలు వేసిరి. మీరు ఆ బొమ్మను గొప్ప విప్లవముగా నాకు చూపితిరి. నాయనలారా, తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ జాతర నెన్నడును చూడలేదా? ప్రతియేట మే నెలలో చీరకట్టి, జడవేసి, పసుపుపూసి, గాజులు తొడిగి పురుషులు వీథులలో నడతురు. వారిలో కూలివాడు గలడు, గుమాస్తా గలడు, మీసము గొరిగించుకొనుటకు వెనుదీయని పహిల్వాను గలడు. ఆడువారిని చెఱచుచుండిన పాలెగానిని గంగమ్మ వేషములు మార్చి వెంటాడి చంపెనని ఆ కథ. అచ్చట మగవాడు చీరకట్టుట అందముకొఱకు గాదు, అమ్మకముకొఱకు గాదు. ఒక వారము దినములైనను ఆమెవైపు నిలుతునని మ్రొక్కు. పుంగనూరున జమీందారుల నగరులో సుగుటూరు గంగమ్మకు, కుప్పమున తిరుపతి గంగమ్మకు జరుగు జాతరలును మీరెఱిగినవే. ఆ తల్లి ముఖమును చూచితిరా? రెండు పెద్దకన్నులు. మనము ఆమెను చూచుటకు పోయి, ఆమె మనలను చూచుచున్నదని తెలిసి తలవంచుకొని వత్తుము.

జాతర పేరు చెప్పి మనలను మనమే మెచ్చుకొనుటకు గూడ నేనొప్పుకొనను. వారముదినములు చీరకట్టినవాడు ఎనిమిదవనాడు ఇంటికిపోయి, కంచము పెట్టుట ఆలస్యమయ్యెనని పెండ్లామును కసరుకొనుట లేదా? వారము దాటిన పిమ్మట, జీవితమంతయు చీరలోనే బ్రదుకు హిజ్రాలను మన బస్సుస్టాండులలో ఎట్లు చూచుచున్నాము? నైజాము రాజ్యమున 1329 ఫసలీలో, అనగా 1919లో, ఒక చట్టము చేసిరి. అట్టివారి పేర్లు పట్టికలో నెక్కవలయును. పట్టికకెక్కినవారు స్త్రీ వేషముతోనో నగలతోనో వీథిలో కనబడినచో వారంటు లేకయే పట్టుకొనవచ్చును. ఆ చట్టము 2023 జూలైలో తెలంగాణ ఉన్నత న్యాయస్థానము కొట్టివేయువఱకు పుస్తకములలో నుండెను. 2014లోనే సర్వోన్నత న్యాయస్థానము తమ లింగమును తాము చెప్పుకొను హక్కు వారికి గలదని తీర్మానించినది. పరాసు వోగ్ 2017 మార్చిలో వాలెంటినా సంపాయో అను ట్రాన్స్‌జెండరు స్త్రీని అట్టకెక్కించెను. మంచిదే. కాని అట్టకెక్కిన యొక్కతె అందమునకు చప్పట్లు కొట్టి, బస్సులో ప్రక్కన కూర్చున్న హిజ్రాను చూచి లేచి నిలుచుట మనకు సాధ్యమే. నేను కన్నులార చూచితిని, లేచినవారిలో నేనును ఒకసారి యుంటిని.

ఇక నిషేధము కోరిన పెద్దలకు. చట్టము కావలెనన్నచో ఉన్నది. స్త్రీలను అసభ్యముగా చూపుటను నిషేధించు చట్టము 1986లోనే వచ్చెను. అసభ్యమేదో తేల్చుటయే కష్టము. 2014లో సర్వోన్నత న్యాయస్థానము, బోరిస్ బెకర్ అను టెన్నిస్ క్రీడాకారుడు తాను పెండ్లాడబోవు నల్లజాతి స్త్రీతో దిగిన నగ్నచిత్రమును ప్రచురించిన పత్రికపై నడచిన వ్యాజ్యెమును తీర్చుచు, విక్టోరియా కాలపు పాత కొలతను త్రోసివేసెను. ఆ చిత్రము వర్ణభేదమునకు ప్రతిగా తీసినది. ఏల తీసిరో చూడక, ఒడలు ఎంత కనబడినదో కొలుచుట తగదని సారాంశము. మఱి మన తెలుగులో నిషేధము ఎవరిమీద పడెనో మఱచితిరా? తంజావూరి ముద్దుపళని వ్రాసిన రాధికాసాంత్వనమును బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో పరిష్కరించి అచ్చువేయించెను. స్త్రీ వలపును స్త్రీయే వ్రాసిన కావ్యమది. పురుషులు వ్రాసిన శృంగారమున తప్పుపట్టని పండితులు దీనిలో తప్పుపట్టిరి. మన వీరేశలింగముగారంతటివారే ముద్దుపళనిని కఠినముగా దూషించిరి. 1911లో తెల్లదొరతనము ఆ పుస్తకమును నిషేధించెను. ప్రకాశంపంతులుగారి ప్రభుత్వము దానిని 1947లో విడిపించెను. ఆ ముప్పదియాఱేండ్లును పురుషుల శృంగారకావ్యములు నిరాటంకముగా అచ్చగుచునే యుండెను. రంగులలో అచ్చువేసిన స్త్రీమూర్తుల పటములు గోడలమీద వ్రేలాడుచునే యుండెను. స్త్రీ బొమ్మ నిలిచినది, స్త్రీ మాట చెఱబడినది. ఆ పుస్తకమును తీసివేసిన చేతులే ఈ బల్లమీదికి మరల వచ్చుచున్నవేమోనని నాకు భయము.

కాబట్టి పత్రికలను తీసివేయవలదని నా యభిప్రాయము. ఇప్పుడున్నట్లే యుంచవలయుననియు కాదు. వానిప్రక్కన వేఱేమున్నవి? నలువదియేడు సంవత్సరములు మాలతీచందూర్ గారు ఆంధ్రప్రభ వారపత్రికలో "ప్రమదావనము" నడిపి స్త్రీల ప్రశ్నలకు సమాధానమిచ్చిరి. ఆ సంచికలు మన అటకమీద చెదలపాలగుచున్నవి, దింపించుడు. 1993 మొదలు హైదరాబాదునుండి వెలువడిన "భూమిక" సంచికలు కూర్చుడు. శారద లేఖలు తెప్పించుడు. లీలానాయుడు జెర్రీ పింటోతో కలిసి చెప్పిన తన జీవితకథ 2010లో పుస్తకముగా వచ్చెను. మన యూరి బిడ్డ మాట. ఒక ప్రతి మన బీరువాలో నుండుట న్యాయము.

సోదరీమణుల సంగతి చివరకు వచ్చెదనంటిని. ఈ సభలో ఎనుబదిమంది వఱకు ఉన్నారు. స్త్రీ యొక్కతెయు లేదు. తలుపు మూయలేదు, రావలదని బోర్డు పెట్టలేదు. అయినను రారు. సాయంకాలము ఆఱింటికి తెఱచి తొమ్మిదింటికి మూయు పఠనాలయమునకు, ఆ మూడు గంటలును పొయ్యియొద్ద నుండు స్త్రీ యెట్లు రాగలదు? వచ్చినను, నలిగిన ఆ అట్టల చుట్టు మూగిన మనలను దాటి ఏ కుర్చీలో కూర్చుండగలదు? కాలకృత్యములకు వసతి లేని కట్టడమిది. మనకు గోడ యున్నది. (నవ్వులు.) నవ్వకుడు, ఇందుచేతనే రాలేదని నా కోడలు నాతో సూటిగా చెప్పినది.

ఆదివారములు ఉదయము పదిగంటలనుండి పండ్రెండువఱకు పఠనాలయము తెఱచియుంచవలయును. స్త్రీలకు వేఱు గది గాదు, ఇదే బల్ల. వసతికి కావలసిన రెండు గోడలకును తలుపునకును ఇటుకలు నేనిప్పింతును. కూలి మీరు పోగుచేయుడు. వచ్చినవారియెదుట ఈ పత్రికలను, ఈ రెండు వినతిపత్రములను ఉంచి, ఏది యుండవలెనో ఏది పోవలెనో వారినే యడుగుడు.

ఆ కాగితములను కార్యదర్శిగారికి తిరిగి యిచ్చుచున్నాను. మొదటిదాని క్రింద ఇరువదిరెండు సంతకములు, రెండవదాని క్రింద పదునెనిమిది. స్త్రీ సంతకము రెంటను లేదు. వారు వచ్చి చూచువఱకు వానిని సొరుగులో నుంచుడు.